కృష్ణ వెంట ఒక సెమిస్టరు: మిషన్ కాలేజీ పిల్లలను ఆరుబయట చదివించడం ఎలా

"మా అమ్మాయి రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది సార్?"

మొదటి ఏడాది ఈ మాట అడిగినాయన పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర గుమస్తా. నా చేతిలో ఇరవై పేజీల ప్లాను ఉంది. అందులో అమరావతి శిల్పం ఉంది, బైబిలు కీర్తనల గ్రంథం ఉంది, డెల్టా కాలవల చరిత్ర ఉంది. ఆయన అడిగినదానికి మాత్రం జవాబు లేదు. "ఏదో ఒక చర్చి హాలు చూస్తామండీ" అన్నాను. ఆయన సంతకం పెట్టని ఫారాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకుని, "మళ్లీ చెబుతానండీ" అని లేచారు. మళ్లీ చెప్పలేదు.

నేను గుంటూరులో ఒక మిషన్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇప్పటికి మూడుసార్లు డిగ్రీ పిల్లలను ఒక సెమిస్టరు పాటు కృష్ణ వెంట తిప్పి చదివించాం. మీరూ మీ కాలేజీలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, మేం దెబ్బలు తిని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీరు లెక్చరరో, కాలేజీలో ప్రార్థనలు చూసే చాప్లినో, హాస్టల్ చూసే ఫాదర్ గారో, సిస్టరో అనుకుని చెబుతున్నాను.

ఈ ఆలోచన మనది కాదు. కుర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్త 1941లో వేల్స్ తీరంలో, పిల్లలకు ఆరుబయట శిక్షణ ఇచ్చే అవుట్‌వర్డ్ బౌండ్ అనే బడి మొదలుపెట్టాడు. 1965లో పాల్ పెట్జోల్ట్ అమెరికాలోని వయోమింగ్‌లో ఇలాంటిదే ఇంకో బడి పెట్టాడు. అక్కడి క్రైస్తవ కాలేజీలు కొన్ని దీన్ని తమ పద్ధతిలోకి మార్చుకుని, గుడారాల్లో ఉంటూ బైబిలు, జీవశాస్త్రం, సాహిత్యం కలిపి చదివిస్తాయి. వాళ్లకు మంచు కొండలు, పడవలు, ఎవరూ కనపడని అడవులు ఉన్నాయి. మనకు ఎక్కడికి పోయినా అర కిలోమీటరులో ఒక టీకొట్టు ఉంటుంది. కాబట్టి వాళ్ల పద్ధతిని మక్కీకి మక్కీ దించుకోవద్దు. మనకు ఉన్నది నది, నది ఒడ్డున రెండు వేల ఏళ్ల మనుషుల గుర్తులు, ప్రతి మండలంలో తలుపు తీసే ఒక క్రైస్తవ సంఘం. వీటితోనే కోర్సు కట్టుకోవాలి.

ముందు సెమిస్టరులో చోటు వెతకండి

ప్రిన్సిపాల్ గారి గదిలోకి "సార్, ఒక కొత్త ఆలోచన" అంటూ వెళ్లకండి. "సార్, ఫలానా క్రెడిట్లకు సరిపోతుంది" అంటూ వెళ్లండి. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి తెచ్చిన డిగ్రీ పద్ధతిలో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత ఒక ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఏకంగా ఒక సెమిస్టరు ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. చాలా కాలేజీల్లో ఈ చివరిది పేరుకే నడుస్తుంది. పిల్లలు ఎవరో ఒకరి దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మన కోర్సు కూర్చునే చోటు అదే.

మీది సొంత సిలబస్ పెట్టుకునే అటానమస్ కాలేజీ అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి, అకడమిక్ కౌన్సిల్‌లో ఆమోదం తెచ్చుకోవచ్చు. అనుబంధ కాలేజీ అయితే, గుంటూరు వైపు నాగార్జున యూనివర్సిటీ, విజయవాడ వైపు కృష్ణా యూనివర్సిటీ నుంచి కాగితం మీద జవాబు రావాలి. నోటి మాట మీద బయల్దేరకండి. పరీక్షల విభాగం వాళ్లు మార్చిలో నోటి మాటలు గుర్తుపెట్టుకోరు.

మొదటిసారి సెమిస్టరంతా వద్దనుకుంటే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ఏడు రోజుల ప్రత్యేక శిబిరంతో మొదలుపెట్టండి. ఒక ఊళ్లో ఏడు రోజులు నడిపించగలిగితే మిగతాది నడిపించగలరు.

కాలం సంగతి

జూలైలో మొదలయ్యే సెమిస్టరు దీనికి పనికిరాదు. వానలు, బురద, నిండిన నది. అక్టోబరు, నవంబరు తుపానులవి. నవంబరు చివర మొదలయ్యే సెమిస్టరే మనది. మార్చి మొదటి వారానికల్లా బయట పని ముగిసిపోవాలి. ఆ తర్వాత పల్నాడు ఎండ తెలిసిందే, పైగా ఇంటర్ పరీక్షలతో సగం మంది లెక్చరర్లకు ఇన్విజిలేషన్ పడుతుంది.

మేం ఇలా చేస్తాం: డిసెంబరు మొదట్లో కొండవీడు, 5 రోజులు. క్రిస్మస్‌కు అందరూ ఇళ్లకు. ఈ విషయంలో బేరం పెట్టకండి, పాస్టర్ల పిల్లలకు క్రిస్మస్ వారం ఇంట్లో పని ఉంటుంది. జనవరి మొదట్లో నాగార్జునసాగర్, 8 రోజులు. సంక్రాంతి అయ్యాక అమరావతి నుంచి ఉండవల్లి మీదుగా విజయవాడ, 12 రోజులు. ఫిబ్రవరి రెండో సగంలో దివిసీమ, 10 రోజులు. సముద్రాన్ని చివరికి పెట్టింది తుపానుల భయంతోనే. మధ్యలో మిగిలిన వారాలు కాలేజీలో చదవడానికీ రాయడానికీ. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత ఉత్సవాలు. ఆ మూడు రోజులు విజయవాడలో ఎక్కడా బస దొరకదు. కావాలనుకున్నవాళ్లు ఒక పూట వెళ్లి వస్తారు, మిగతావాళ్లు లైబ్రరీలో ఉంటారు.

ఊళ్లు తగ్గించండి, రోజులు పెంచండి

ఈ రాతలో ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ఇది ఉంచుకోండి. మొదటి ఏడాది మేం పందొమ్మిది చోట్లు చూశాం. బస్సు దిగడం, ఫోటో, గైడు చెప్పింది రాసుకోవడం, బస్సు ఎక్కడం. చివర్లో పరీక్ష పెడితే ఒకబ్బాయి భట్టిప్రోలు స్తూపాన్ని తీసుకెళ్లి ఉండవల్లి గుహలో పెట్టాడు. వాడి తప్పు కాదు. రెండో ఏడాది నుంచి నాలుగే మజిలీలు. ఒక్కో మజిలీకి ఒకే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా అక్కడే.

కొండవీడులో ప్రశ్న: కొండ మీద కోటకు నీళ్లెక్కడివి? రెడ్డి రాజులు పద్నాలుగో శతాబ్దంలో ఇక్కడ రాజధాని పెట్టుకున్నారని పిల్లలకు తెలుసు. ఒక సైన్యం, గుర్రాలు, అంతఃపురం ఆ ఎత్తున ఏం తాగాయన్నది ఎవరూ అడిగి ఉండరు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. ఒక చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయో చూసి బొమ్మ గీయమనండి. ఘాట్ రోడ్డు మీద కారులో పైకి వెళ్లిపోవచ్చు. మీరు మాత్రం నడవండి. నడిస్తేనే నీళ్లు మోయడం అంటే ఏమిటో భుజానికి తెలుస్తుంది. బస ఫిరంగిపురంలో పెట్టుకుంటే బాలయేసు దేవాలయం కూడా నడక దూరంలోనే.

సాగర్‌లో ప్రశ్న: ఏం మునిగింది, దానికి బదులు ఏం వచ్చింది? 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలవలకు నీళ్లు వదిలారు. ఈ మధ్యలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీళ్లలోకి పోయింది. పోయేలోపు తవ్వి తీసిన కట్టడాలను కొన్నింటిని నాగార్జునకొండ దీవి మీదికి, కొన్నింటిని అనుపుకు తరలించారు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో దీవికి వెళ్లాలి. శుక్రవారం మ్యూజియం మూత, ఆ రోజు పెట్టుకోకండి. పిల్లలకు నేను తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. 1926లో ఇక్కడ ఒక పాత స్తంభం ఉందని గుర్తించి పైవాళ్లకు కబురు పంపింది ఒక ఊరి బడిపంతులు. పురావస్తు శాఖ ఆ తర్వాతే వచ్చింది.

సాగర్ దగ్గర ఉన్నన్నాళ్లూ ఒక పూట అయినా కాలవ ఆయకట్టు రైతుతో కూర్చోండి. మునిగిన లోయ గురించి రెండు రోజులు బాధపడ్డ పిల్లలు, "ఈ నీళ్లు రాకపోతే మేం జొన్నలు తింటూ ఉండేవాళ్లం" అని ఆయన అంటే కాసేపు మాట్లాడరు. అప్పుడు మీరూ మాట్లాడకండి.

అమరావతిలో ప్రశ్న: ఇక్కడి బౌద్ధ స్తూపం రాళ్లు ఇక్కడ ఎందుకు లేవు? 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి ఇక్కడికి వచ్చాడు. 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఇప్పుడు మంచి పలకలు సగం లండన్‌లో, సగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. కొంత సున్నానికి కాలిపోయింది. ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు పిడుగురాళ్ల సున్నం బట్టీ గుమస్తాగారే గుర్తొస్తారు. అక్కడి నుంచి కిందికి వస్తూ ఉండవల్లి గుహలు, తర్వాత ప్రకాశం బ్యారేజీ. బ్యారేజీ దగ్గర ఒక చిన్న పందెం పెట్టండి: కృష్ణ మీద మొదటి ఆనకట్ట కట్టించింది ఎవరు? అందరూ కాటన్ దొర అంటారు. 1852 నుంచి 1855 దాకా దగ్గరుండి పని చేయించింది కెప్టెన్ ఓర్. అది 1952లో గండిపడితే, ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది.

దివిసీమ ప్రశ్న కొంచెం బరువైనది, దాని గురించి తర్వాత.

తలుపు గడియ, బాత్రూం, సంతకం

రెండో ఏడాది నుంచి తల్లిదండ్రుల మీటింగుకు ముందే నేనూ, మా బాటనీ మేడమూ బైకు మీద వెళ్లి ప్రతి బస చూసి వస్తున్నాం. ఏ రాత్రి ఎక్కడ, అమ్మాయిల గది ఏది, బాత్రూంకు లోపల గడియ ఉందా, లైటు ఉందా, రాత్రి ఏ మేడమ్ ఆ గదిలో పడుకుంటారు, దగ్గరలో ఏ ఆసుపత్రి ఉంది. ఇదంతా ఒకే పేజీ. ఆ పేజీ ఇచ్చాక ఎవరూ సిలబస్ అడగలేదు. పిడుగురాళ్ల ఆయన రెండో కూతురు మూడో బ్యాచ్‌లో వచ్చింది. ఫారం తేవడానికి ఆయనే వచ్చి, గడియల సంగతి చదివి, అక్కడే నిలబడి సంతకం పెట్టారు.

పిల్లలు 24 మందికి మించకూడదు. పెద్దవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. వంటమనిషి ఈ లెక్కలోకి రాడు.

సంతకం ఫారంలో ఇంకో సంగతి స్పష్టంగా రాయండి. మన కాలేజీల్లో హిందువులూ ముస్లింలూ చాలామంది ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థల్లో ఎవరినీ వాళ్ల ఇష్టం లేకుండా ఆరాధనలో, మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది. ప్రార్థన ఎవరి ఇష్టం వాళ్లది. ఆ సమయంలో రానివాళ్లు నీళ్లు పట్టడం, డైరీ రాయడం చేస్తారు, వాళ్లకు ఒక్క మార్కు కూడా తగ్గదు. ఇలా రాసి ఇస్తే ముస్లిం అమ్మాయి తండ్రి ధైర్యంగా పంపిస్తారు. ఊళ్లలో సువార్త కరపత్రాలు పంచడం, బోధించడం ఈ కోర్సులో వద్దు. నేను విశ్వాసిని, సువార్తకు వ్యతిరేకిని కాను. కానీ చదువు పేరుతో తీసుకొచ్చిన పిల్లలతో ఆ పని చేయించడం ఆ పిల్లలకూ, మనకు అన్నం పెట్టిన ఊరికీ అన్యాయం.

ఇది కూడా దాచకండి: చాలా ఊళ్లలో చర్చి దళితవాడలో ఉంటుంది. అక్కడ తిని, అక్కడ పడుకోవడానికి ముఖం చిట్లించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ముందే చెప్పేయండి. మూడు విడతల్లో ఇద్దరు మానుకున్నారు. మానుకోనీయండి.

ఇక అధికారులకు ఇవ్వాల్సిన ఉత్తరాలు. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల మార్పు తర్వాత కొండవీడు, అమరావతి, సాగర్ పల్నాడు జిల్లాలోకి వెళ్లాయి. ఉండవల్లి గుంటూరులో ఉండిపోయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా, దివిసీమ కృష్ణా జిల్లా. పాత అలవాటుతో అన్నీ గుంటూరు కలెక్టరేట్‌లో ఇస్తే అక్కడే ఉంటాయి. ప్రతి పోలీస్ స్టేషన్‌కూ పిల్లల జాబితా కాపీ ఇవ్వండి. అడవిలో నడవాలంటే అటవీ శాఖ అనుమతి, వాళ్ల మనిషి ఇద్దరూ కావాలి. సాగర్ దాటాక ఉన్నది పులుల అభయారణ్యం, అక్కడ రాత్రి బస ఆలోచనే పెట్టుకోవద్దు.

సామాన్లు

టెంట్ల కోసం హైదరాబాదు పోకండి. మిర్చి కల్లాల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు గుంటూరులో ఎక్కడైనా దొరుకుతాయి. కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో చాపలు. మనిషికి ఒక దోమతెర, ఒక టార్చి, ఒక ఈల, రెండు లీటర్ల నీళ్ల సీసా, ఒక గట్టి అట్ట నోట్‌బుక్. సీసా పట్టని సంచీ తెచ్చుకున్నవాళ్లను గేటు దగ్గరే ఆపేయండి. పెద్ద సామాను ఒక టాటా ఏస్‌లో ముందు పోతుంది, పిల్లలు ఆర్టీసీ బస్సులో వస్తారు, అక్కడి నుంచి నడుస్తారు. రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లు చాలు. కొత్త బూట్లు వద్దు. బయల్దేరే ముందు కాలేజీలో ఉన్నన్నాళ్లూ రోజూ ఉదయం గంట నడిపిస్తే ఎవరికి ఎక్కడ బొబ్బలు వస్తాయో ముందే తెలిసిపోతుంది.

ఫోన్లు సాయంత్రం అరగంట ఇస్తాం, మిగతా వేళ ఒక రేకు డబ్బాలో ఉంటాయి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రోజూ రాత్రి తొమ్మిదికి ఒకటే మెసేజ్: "అందరూ తిన్నారు, పడుకుంటున్నారు." ఒకరోజు సిగ్నల్ లేక అది పోలేదు. తెల్లారేసరికి నలభై మిస్డ్ కాల్స్.

తిండి, నీళ్లు

ఇంట్లో పూటకు నూట యాభై గ్రాముల బియ్యం తినే పిల్ల నడిచొచ్చిన రోజు రెండు వందలు తింటుంది. ఆ లెక్కన కొనండి. పొద్దున ఉప్మా లేదా అటుకులు. నడక రోజుల్లో మధ్యాహ్నానికి పులిహోర, అది సాయంత్రం దాకా చెడదు. రాత్రికి ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. మాంసం ఆదివారం మాత్రమే, అదీ సంఘం వాళ్లు ప్రేమవిందు పెడితే. బయట ఎండలో మాంసం మోసుకు తిరగడం మనవల్ల కాదు. గ్యాస్ చిన్న సిలిండర్‌తో పాటు రెగ్యులేటర్ వాషర్లు రెండు అదనంగా పెట్టుకోండి. మొదటి ఏడాది అది లేక ముప్పై మందికి ఎనిమిది గంటల రాత్రి బన్నులూ అరటిపళ్లూ పంచాం.

నీళ్ల దగ్గర కక్కుర్తి వద్దు. పల్నాడు వైపు కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది మరిగిస్తే పోదు. అక్కడ క్యాన్ నీళ్లే కొనండి. డెల్టాలో కాలవ నీళ్లు మరిగించాల్సిందే. ఓఆర్ఎస్ అయిపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర స్పూను ఉప్పు.

రోజు ఎలా నడవాలి

అయిదుకు లేవడం. అయిదున్నరకు ఒక కీర్తన, ఒక వాక్యభాగం, అయిదు నిమిషాల మౌనం. ప్రసంగం వద్దు. పొద్దున ప్రసంగం చేస్తే పిల్లలు రోజంతా మీరు చెప్పిందే చూస్తారు. ఆరుకల్లా నడక. పదిన్నర తర్వాత నీడలో పాఠం. మూడు దాకా విశ్రాంతి, బట్టలు. సాయంత్రం ఊరివాళ్లతో మాటలు. రాత్రి భోజనం ముందు గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరు ఆ రోజు చూసినదాంట్లో ఒకటి చెబుతారు. ఆదివారం నడక లేదు. ఎంత ఆలస్యమైనా సరే, లేదు.

వాక్యభాగాన్ని చోటును బట్టి ఎంచుకోండి. సెమిస్టరు మొదటి వారంలోనే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు తీసుకెళ్తాం. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ చెరువులోని చెట్ల నిండా కాపురం పెట్టి ఉంటాయి. అక్కడ 104వ కీర్తన చదువుతాం, అందులో సరళవృక్షాల మీద కొంగల నివాసం ప్రస్తావన ఉంది. చదివి ఊరుకోం. ఒక్కొక్కరు ఒక్క పక్షిని ఎంచుకుని గంటసేపు చూడాలి. మొదటి రోజు ఒకమ్మాయి నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "చాలా అందమైన పక్షులు. దేవుని సృష్టి ఎంత గొప్పదో కదా." అది ఇంటి దగ్గర కూర్చుని కూడా రాయొచ్చని చెప్పి వెనక్కి ఇచ్చాను. మొహం చిన్నబుచ్చుకుంది. మూడో రోజు అదే అమ్మాయి ఊరి పక్క పొలం కాలవ దగ్గర రాసింది ఇది:

"7.10. కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతోంది. కళ్లతో వెతకడం లేదు, ముక్కుతో తడుముతోంది. నాలుగు నిమిషాలకు ఒకసారి మింగింది. చేపో కప్పో తెలియలేదు. నా కాలు తిమ్మిరెక్కింది. దానికి ఎక్కలేదు."

ఆ పేజీని జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ మొదటి పాఠం అదే.

ఏకాంతం

అవుట్‌వర్డ్ బౌండ్ వాళ్లు పిల్లలను ఒంటరిగా వదిలే పద్ధతి ఒకటి ఉంది. మనకు నాలుగు గంటలు చాలు, పగటిపూట, కొండవీడు మీద. ముందురోజు రాత్రి 1 రాజులు 19వ అధ్యాయం చదవండి: ఏలీయా ప్రవక్త, గాలి, భూకంపం, మెరుపు, ఆఖరున వచ్చిన నెమ్మదైన స్వరం. మిగతా మతాల పిల్లలకు ఆ నాలుగు గంటలు వాళ్ల జపమో, ఊరికే కూర్చోవడమో. ఒక్కొక్కరి మధ్య ఈల వినబడేంత దూరం. అమ్మాయిలు ఒకరికొకరు కనబడేలా కూర్చోవాలి. ఫోను, పుస్తకం, చిరుతిండి ఏవీ ఉండకూడదు. నీళ్లూ ఈలా మాత్రమే.

మొన్నటి బ్యాచ్‌లో చిలకలూరిపేట కుర్రాడొకడు నలభై నిమిషాలకే ఈల ఊదాడు. నేను పరిగెత్తాను.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు సార్. పనిచేస్తుందో లేదో అని ఊది చూశాను."

పక్కన కూర్చోలేదు, తిట్టలేదు. "పనిచేస్తోంది" అని చెప్పి వెనక్కి వచ్చేశాను. మీరూ అంతే చేయండి. పిల్లలు ఏకాంతంలో ఉన్నప్పుడు ఓదార్చడానికి వెళ్లడం అంత చెడగొట్టే పని ఇంకోటి లేదు.

దివిసీమలో

1977 నవంబరు 19. ఉప్పెనలో పది వేల మంది పోయారని లెక్క, ఊళ్లలో అడిగితే ఇంకా ఎక్కువే అంటారు. ఇక్కడ ప్రశ్న: అంత జరిగాక మనుషులు మళ్లీ అక్కడే ఎందుకున్నారు? అవనిగడ్డ వైపు బస పెట్టుకుని, కోడూరు మీదుగా హంసలదీవి దాకా వెళ్తాం. కృష్ణ సముద్రంలో కలిసే చోట కోర్సు ముగుస్తుంది.

పిల్లలకు ముందే నేర్పండి. ఉప్పెన చూసిన పెద్దవాళ్ల దగ్గరికి నోట్‌బుక్ తెరుచుకుని వెళ్లకూడదు. ముందు ఏదైనా పని అందుకోవాలి, వాళ్లు కూర్చోమంటే కూర్చోవాలి. సెల్‌ఫోన్‌తో వీడియో తీయకూడదు. ఒక అవ్వ రొయ్యలు వలుస్తూ, తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్న సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ, "చంకలో పిల్ల ఉండె" అని ఆగింది. మళ్లీ రొయ్యలు వలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమైందని మా వాళ్లు ఎవరూ అడగలేదు. ఆ బ్యాచ్‌కు నేను వేసిన మార్కుల్లో సగం దానికే.

ఆ రాత్రి యోబు గ్రంథం 38వ అధ్యాయం చదవాలని ప్లానులో ఉంది, సముద్రానికి తలుపులు పెట్టింది ఎవరు అని దేవుడు అడిగే చోటు. చదివాం. ఒకబ్బాయి లేచి, "మరి ఆ రోజు తలుపు ఎవరు తీశారు సార్?" అన్నాడు. చాప్లిన్ అయ్యగారు జవాబు చెప్పబోయి ఆగి, "నాకు తెలియదు బాబూ" అన్నారు. ఇలాంటి ప్రశ్న మీకూ వస్తుంది. జవాబు సిద్ధం చేసుకుని వెళ్లకండి.

నది, పడవ, పాము

ఇందులో నేను మొహమాటపడను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. మనకూ పైన సాగర్ ఉంది, పులిచింతల ఉంది. నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆ రోజు ఉదయం నీటిపారుదల వాళ్లను అడగకుండా ఇసుకలోకి దిగకూడదు. ఈత నిషేధం. ఈత వచ్చినవాళ్లకు ఇంకా నిషేధం, ముందు దిగేది వాళ్లే.

2017 నవంబరు 12న విజయవాడ పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్లు మీరే లెక్కపెట్టండి. ఒకటి తక్కువున్నా ఆ పడవ వద్దు. లాంచీ సిబ్బంది నవ్వుతారు, నవ్వనీయండి.

పాముల్లో భయపడాల్సింది కట్లపాముకి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ, కనురెప్పలు వాలిపోతూ ఎవరైనా లేస్తే అజీర్తి అనుకోకండి. దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకోవాలి. కరిస్తే కోయడం, కట్టు బిగించడం, ఆకుమందు వద్దు. కదలనీయకుండా 108లో ఎక్కించండి. ఆ దారిలో ఏ ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు మందు ఉందో బస చూడటానికి వెళ్లిన రోజే అడిగి రాసుకోండి.

మార్కులు, తిరిగొచ్చాక పనులు

నోట్‌బుక్‌కు నలభై, మజిలీకి ఒకటి చొప్పున నాలుగు వ్యాసాలకు నలభై, తోటివాళ్లతో పనిచేసిన తీరుకు ఇరవై. భక్తికి మార్కులు లేవు. ఆ కాలమ్ పెట్టమని మేనేజ్‌మెంట్ అడిగింది, పెట్టలేదు. అంట్లు ఎవరు తోమారు, వెనకబడ్డవాళ్ల సంచీ ఎవరు మోశారు అన్నది ఇరవైలో వస్తుంది.

బస ఇచ్చిన సంఘాలకు అద్దె అని కాకుండా కానుకగా ఇవ్వండి, రసీదు అడగకండి. ఆడిట్‌కు కావాలంటే కాలేజీ లెటర్‌హెడ్ మీద మీరే రాసి వాళ్ల చేత సంతకం చేయించుకోండి. నెలలోపు ఆ ఊళ్లకు ఫోటోలు ప్రింటు తీయించి పంపండి. వాట్సాప్‌లో వేస్తే మనవడి ఫోన్‌లో ఉండిపోతాయి. దివిసీమ అవ్వకు పంపిన ఫోటో, రొయ్యల బుట్ట పక్కన మా పిల్లలతో ఉన్నది, మరుసటి ఏడాది వెళ్లేసరికి ఆమె గోడ మీద క్యాలెండరుకు గుచ్చి ఉంది.

టార్పాలిన్ పట్టాలు రెండు రోజులు ఎండబెట్టి మడవండి. మేం మొదటి ఏడాది తడివి తడిగానే మడిచి స్టోర్ రూములో పడేశాం. నవంబరులో తీస్తే పట్టా మధ్యలో ఎలుక ఆరు పిల్లలను పెట్టుకుని ఉంది. బాటనీ మేడమ్ వాటిని అట్టపెట్టెలోకి మార్చేదాకా ఆ రోజు సామాన్ల లెక్క ఆగిపోయింది.